సంచులు దులిపిన పదకొండేళ్ళు

మా అత్తగారికి ఊపిరి అందకపోవడం మొదలైన రోజున ముందు నవ్వింది నేనే. ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే మధ్యలో ఆగడమనేది ఉండేది కాదు. కింది వాటా వాళ్ళ గొడవ దగ్గర్నుంచి నీళ్ళ పంపు రిపేరు దాకా ఒక్క గుక్కలో చెప్పేసేది. అలాంటి మనిషి ఆ రోజు తలుపు పట్టుకుని, "ఉండవే, ఊపిరి తీసుకోనీ" అంది.

"హమ్మయ్య, పెళ్ళయిన పదేళ్ళకి నాకూ ఓ మాట ఆడే సందు దొరికింది అత్తయ్యా" అన్నాను.

ఆవిడా నవ్వింది. నవ్వుతూనే దగ్గింది. ఆ దగ్గు తగ్గలేదు.

రెండు నెలలు తిరిగేసరికి మూడో అంతస్తులోని మా ఇంటికి చేరడానికి మెట్ల మీద నాలుగుసార్లు కూర్చునేది. సందు చివర డాక్టరు ఎక్స్‌రే తీయించి, కుడివైపు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నాడు. క్షయ అయ్యుంటుందన్నాడు. ఆరు నెలలు మాత్రలు మింగించాడు. ఆ మాత్రలకి ఆవిడ నాలుక చచ్చిపోయింది, ఆకలి చచ్చిపోయింది, నీరు మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఆ ఆరు నెలల్లో ఆయన ఆవిడని అడగని ప్రశ్న ఒకటుంది. నువ్వు ఏం పని చేసేదానివమ్మా అని. అడిగుంటే ఏమయ్యేదో తెలీదు. అడగలేదని మాత్రం నాకు ఇప్పటికీ కోపమే.

చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అడ్మిషన్ ఫారం నేనే నింపాను. వయసు యాభై తొమ్మిది. వృత్తి దగ్గర ఆలోచించకుండా 'గృహిణి' అని రాశాను. ఆ ఒక్క మాట ఎన్ని నెలలు మమ్మల్ని తిప్పుతుందో అప్పుడు నాకేం తెలుసు!

అక్కడి డాక్టరమ్మ వీపులోంచి సూదితో లీటరున్నర నీరు తీసింది. లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చిన రోజు మమ్మల్ని కూర్చోబెట్టి, కాగితం ఇంకా తెరవకుండానే, "చిన్నప్పటి నుంచీ మీరు ఏమేం పనులు చేశారో వరసగా చెప్పండమ్మా" అంది.

"ఏం చేశానమ్మా, ఇల్లు చూసుకున్నాను. కొడుకుని పెంచాను. ఈ కోడలితో వేగుతున్నాను."

"ఇంటికి బయట?"

"పెళ్ళయిన కొత్తలో సంచులు కుట్టాను."

"ఏ సంచులు?"

"రేకుల ఫ్యాక్టరీవి. ఇళ్ళ మీద వేసే సిమెంటు రేకులు చేసేవారు చూడు, అక్కడ."

డాక్టరమ్మ చేతిలో పెన్ను కింద పెట్టింది. నాకు అప్పుడే ఏదో తేడాగా అనిపించింది.

మా ఆయన పుట్టకముందు మొదలుపెట్టి పదకొండేళ్ళు ఆవిడ ఆ పని చేసింది. ఫ్యాక్టరీ వెనక గోడకి ఆనుకుని ఒక షెడ్డు. లోపల మరలో ఖాళీ అయిన గోనెసంచుల్ని ఒక కిటికీలోంచి షెడ్డులోకి విసిరేవారు. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒక్కో సంచీని తిరగేసి, కర్రతో కొట్టి దులిపి, చిరిగినచోట దబ్బనంతో, పురికొసతో కుట్టి, కట్టలు కట్టాలి. ఆ సంచులు మళ్ళీ అమ్ముడుపోయేవి. సంచుల్లో వచ్చేది రాతినార. ఆస్బెస్టాస్ అంటారే, అది. ఆవిడ మాత్రం దాన్ని ఎప్పుడూ 'నూగు' అనే అనేది. తలమీద, కనుబొమల మీద, టీ గ్లాసులో, అంతటా నూగే. సాయంత్రం ఇళ్ళకి పోతుంటే రోడ్డు మీద జనం, "అదిగో ముసలమ్మలు బయల్దేరారు" అని ఎగతాళి చేసేవారట. ఒక్కదానికీ పాతికేళ్ళు లేవు.

డాక్టరమ్మ కాగితం వెనక ఊపిరితిత్తి బొమ్మ గీసింది. చుట్టూ సన్నటి పొర గీసింది. "ఆ నార పోగు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. పీలిస్తే లోపలికి పోతుంది, అక్కడ కరగదు, కుళ్ళదు, దగ్గితే రాదు. జరిగి జరిగి ఈ పొర దాకా చేరుతుంది. అక్కడ ముప్పై నలభై ఏళ్ళు కూర్చుని, ఒకనాటికి ఈ జబ్బు తెస్తుంది. దీన్ని మీసోథీలియోమా అంటారు. ఈ పొరకి వచ్చే క్యాన్సరు."

"నేను సిగరెట్టు ముట్టిందాన్ని కాదే!" అంది అత్తయ్య.

"దీనికీ సిగరెట్టుకీ సంబంధం లేదమ్మా."

"తగ్గుతుందా?"

డాక్టరమ్మ నసగలేదు. "పూర్తిగా తగ్గించే మందు లేదు. నీరు చేరకుండా చూస్తాం, మందులిస్తాం, నొప్పి లేకుండా చూస్తాం. ఏడాది అనుకుని మీ పనులు చక్కబెట్టుకోండి. అంతకన్నా ఎక్కువ బతికితే నాకే సంతోషం. ఇంకో మాట. ఇది పని వల్ల వచ్చిన జబ్బు. ఫ్యాక్టరీ నుంచి పరిహారం అడిగే హక్కు మీకుంది."

నేను ఏడుస్తున్నాను. అత్తయ్య మాత్రం ఆ బొమ్మనే చూస్తూ, "ఈ సంగతి వాళ్ళకి అప్పుడు తెలుసా?" అని అడిగింది.

"మీరు పనిలో చేరేనాటికే డాక్టర్ల పుస్తకాల్లో ఉంది. ఫ్యాక్టరీ నడిపేవాళ్ళకి తెలీదంటే నేను నమ్మను."

బస్సులో ఇంటికి వచ్చాం. దిగేముందు ఆవిడ, "మూతికి ఒక గుడ్డ కట్టుకోమని చెప్పడానికి కూడా నోరు రాలేదే వాళ్ళకి" అంది. చచ్చిపోతానన్న దిగులు కన్నా ఆ మాటే ఆవిణ్ణి ఎక్కువ తినేసింది.

మర్నాడే పరిహార కార్యాలయానికి వెళ్ళాం. కిటికీ అవతల గుమాస్తా మా కాగితాలు చూసి, హాజరు పట్టీలోని మస్టరు నంబరు అడిగాడు.

"మా పేర్లు మస్టరులో ఎక్కించలేదయ్యా. మేస్త్రీ కింద పనిచేశాం."

"అయితే మేస్త్రీ దగ్గర కాగితం తీసుకురండి."

"ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది."

"అయితే కష్టం. పని మానేసి ఎన్నాళ్ళయింది? ఇరవయ్యారేళ్ళా? గడువెప్పుడో దాటిపోయింది." కాగితాలు ఇటు తోస్తూ ఒకచోట వేలు పెట్టాడు. "అయినా ఇక్కడ గృహిణి అనే ఉందిగా. గృహిణికి పరిహారం ఏమిటండీ?"

నా చెంప మీద కొట్టినట్టయింది. అది నా చేతిరాత.

ఆ మాట మార్పించడానికి పెద్దాసుపత్రి రికార్డుల గదికి ఐదుసార్లు తిరిగాను. కంప్యూటర్లో ఎక్కిపోయింది, మారదన్నారు. ఒకసారి పెద్ద గుమాస్తా సెలవు. ఒకసారి దరఖాస్తు ఉండాలన్నారు, రాసిస్తే ఆ దరఖాస్తే కనబడలేదన్నారు. ఐదోసారి నేను అక్కడే బల్ల మీద కూర్చుని కదలనన్నాను. చివరికి ఆ డాక్టరమ్మే కిందికి దిగివచ్చి, వేరే తెల్లకాగితం మీద రాసి ముద్ర వేసిచ్చింది. జబ్బు ఏమిటో, ఏ పని వల్ల వచ్చిందో, ఎన్నేళ్ళ కిందటి పనో, అన్నీ విడమర్చి. అసలు కాగితంలో 'గృహిణి' అలాగే ఉండిపోయింది.

డాక్టరమ్మే మాకు ఒక లాయరమ్మ చిరునామా ఇచ్చింది. సైకిలు షాపు పైన చిన్న గది, గదినిండా ఫైళ్ళు. కార్మికుల కేసులు తప్ప వేరేవి పట్టని మనిషి. గుమాస్తా మాటలు చెప్తే తల కొట్టుకుంది.

"గడువు పని మానేసిన రోజు నుంచి కాదండీ, జబ్బు ఇదీ అని తేలిన రోజు నుంచి లెక్క. మేస్త్రీ పోతే పోనీ, పని ఫ్యాక్టరీది, బాధ్యత ఫ్యాక్టరీది. మనం మూడు సంగతులు రుజువు చెయ్యాలి. ఆవిడకి ఈ జబ్బుందని, అక్కడ ఆ పని చేసిందని, ఆ పని వల్లే ఈ జబ్బు వచ్చిందని. మొదటిదీ చివరిదీ డాక్టరు కాగితం చెప్తుంది. మధ్యది మీరు తేవాలి."

"మధ్యది నా ఒంట్లోనే ఉంది కదమ్మా," అంది అత్తయ్య. "ఆ నూగు ఇంకెక్కడ దొరుకుతుంది?"

"నాకు తెలుసండీ. వాళ్ళు కాగితం అడుగుతారు."

ఫ్యాక్టరీ చేతులు మారి రెండుసార్లయింది. ఇప్పుడు అక్కడ ప్లాస్టిక్ పైపులు చేస్తున్నారు. గేటు దగ్గర గంటన్నర నిలబెట్టి, ఒక కుర్ర ఆఫీసరు బయటికి వచ్చి, పాత యజమానుల సంగతి మాకు తెలీదన్నాడు. పాత రికార్డులు వరదలో కొట్టుకుపోయాయన్నాడు.

అత్తయ్య వెనక్కి తిరిగి, మేం ఎక్కివచ్చిన ఏటవాలు రోడ్డుని కిందిదాకా చూసింది. "బాబూ, ఇంత ఎత్తుకి వరదొస్తే కింద ఊరు మిగిలేదా? నేను మునిగిపోయే ఉండాలే! నాకెవరూ చెప్పలేదు."

కాపలావాడు నవ్వాపుకోలేకపోయాడు. ఆఫీసరు లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ దారిలోనే ఆవిడకి ఇంజెక్షను గుర్తొచ్చింది. ఒకసారి దబ్బనం అరచేతిలో దిగబడి అటు కొస బయటికొస్తే, ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో కాంపౌండరు కట్టుకట్టి ఇంజెక్షను చేశాడట. "ఏదో పుస్తకంలో రాసుకున్నాడే. వేలిముద్ర కూడా వేయించాడు, ఎడమచేత్తో."

కాంపౌండరు బతికే ఉన్నాడని వాకబు చేస్తే తెలిసింది. రెండు స్టాపుల అవతల కూతురి ఇంట్లో ఉంటున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు, చూపు తక్కువ, చెవులు బానే ఉన్నాయి. అత్తయ్య గుమ్మంలో, "ఏమండీ కాంపౌండరు గారూ" అనగానే, "ఆ గొంతు దబ్బనమ్మది కాదూ?" అన్నాడు. షెడ్డులో అందరూ ఆవిణ్ణి అలాగే పిలిచేవారు. దబ్బనం ముడిలో గుచ్చుకుని తిరిగేదట.

డిస్పెన్సరీ ఎత్తేసినప్పుడు పుస్తకాలన్నీ పారేయమన్నారట. ఆయనకి మనసొప్పక నాలుగు ఇంటికి తెచ్చుకున్నాడు. ఒకవైపే రాసినవి కావడంతో, రెండోవైపు మనవరాలు చిన్నప్పుడు బొమ్మలు వేసుకుంది. అటక మీంచి దింపి, నేనూ ఆయన కూతురూ కూర్చుని పేజీలు తిప్పాం. ఒక పేజీ వెనక మూడు కాళ్ళ ఏనుగు ఉంది. ముందువైపు తేదీ, ఫ్యాక్టరీ ముద్ర. 'దబ్బనమ్మ. సంచుల షెడ్డు. కుడి అరచేతిలో దబ్బనం దిగినది. కట్టు, ధనుర్వాతం సూది.' పక్కన వేలిముద్ర.

అత్తయ్య ఆ వేలిముద్ర మీద తన బొటనవేలు పెట్టి చూసుకుంది. "అప్పుడు సన్నగా ఉండేదాన్ని" అంది.

విచారణకి పిలుపు వచ్చింది. మొదటిసారి వెళ్తే అధికారికి బదిలీ అయింది. రెండోసారి కంపెనీ లాయరుకి జ్వరం. మూడోసారి కరెంటు లేదు, టైపు చేసే వీలు లేదని తేదీ మార్చారు. ఆ మూడుసార్లూ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మా ఆయనా, ఆయనతో బస్సు డిపోలో పనిచేసే ఇంకో మెకానిక్కూ మూడంతస్తులు మోసి దింపారు, మోసి ఎక్కించారు. ప్రతిసారీ ఆవిడ కొంచెం తేలికైందని మా ఆయన నాతో రహస్యంగా చెప్పేవాడు.

నాలుగోసారి ఆక్సిజన్ సిలిండరుతో వెళ్ళాం. ఆవిడ వాంగ్మూలం ఇవాళే తీసుకోకపోతే ఇక తీసుకునే అవకాశం ఉండదని లాయరమ్మ గట్టిగా పట్టుబట్టింది. కొత్త అధికారి ఒప్పుకున్నాడు.

కంపెనీ లాయరు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇందులో ఏనుగు బొమ్మలున్నాయండీ. దీన్ని రికార్డు అంటారా?" అన్నాడు. తర్వాత, "ఈవిడ గుర్తింపు కార్డులో దబ్బనమ్మ అనే పేరే లేదు. ఆ దబ్బనమ్మ ఎవరో!" అన్నాడు.

అత్తయ్య కుడి అరచెయ్యి చాపింది. మధ్యలో, బియ్యపుగింజంత తెల్లటి మచ్చ. చెయ్యి తిప్పింది. వెనకవైపు ఇంకోటి.

"మచ్చలు అందరికీ ఉంటాయి" అన్నాడాయన. "అక్కడ పనిచేసినట్టు ఒక్క ఫోటో అయినా ఉందా?"

"కూలిపనికి పోతూ ఫోటోగ్రాఫర్ని ఎవరు వెంటబెట్టుకు పోతారు బాబూ?" మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ అంది. "ఆ వేలిముద్ర ఉందిగా. నా వేలు ఇక్కడే ఉంది. కలిపి చూసుకో."

అధికారి వేలిముద్ర పరీక్షకి రాసుకున్నాడు. ఆ పరీక్షకి మళ్ళీ రెండు నెలలు పట్టింది. అది వేరే కథ. తర్వాత ఆయన మామూలుగానే అడిగాడు. "షెడ్డులో మీతోపాటు ఇంకా ఎవరెవరు ఉండేవారమ్మా?"

"ఎనిమిదిమందిమి. నలుగురు పోయారు. ముగ్గురికి ఆయాసమన్నారు, ఒకామెకి కడుపులో గడ్డ అన్నారు. మాతోపాటు పిల్లలు."

"పిల్లలా?"

"ఇంటి దగ్గర చూసేవాళ్ళు ఎవరుంటారయ్యా? వెంట తెచ్చుకునేవాళ్ళం. దులిపిన సంచుల కట్టలు మెత్తగా ఉండేవి. మా వాడు వాటి మీదే..."

అక్కడ ఆగిపోయింది. ఊపిరి అందక కాదు. మా ఆయన గది వెనక బల్ల మీద సిలిండరు పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ మెల్లగా తల తిప్పి కొడుకుని చూసింది. నేనూ చూశాను. ఇన్నాళ్ళూ తన జబ్బు, తన పని, తన పరిహారం అనే ఆలోచించింది ఆవిడ. మేమూ అంతే. గదిలో టైపు చేసేవాడు కూడా చేతులాపాడు.

"రాయండి," అంది ఆవిడ, అధికారి వైపు తిరిగి. "మా వాడు వాటి మీదే పడుకునేవాడు. నాలుగేళ్ళొచ్చేదాకా. అదీ రాయండి."

ఇంటికొచ్చాక రెండు రోజులు కొడుకు దగ్గినా, తుమ్మినా తలెత్తి చూసింది. మూడోరోజు పొద్దున కొడుకుని పిలిచి, ఎక్స్‌రే తీయించుకోరా అంది.

"నాకేమైందే అమ్మా, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడు.

"నేనూ నీ వయసులో గుండ్రాయినే."

ఆయన వినలేదు. నేను చెప్పినా వినలేదు. ఆ విషయం ఎత్తితే చాలు, డిపోలో పనుందని లేచిపోయేవాడు. ఆవిడ కొడుకుని తిట్టడం నేను చాలాసార్లు విన్నాను గానీ, కొడుకుని బతిమాలడం అప్పుడే విన్నాను.

ఇంకో ఐదు వారాలకి, ఒక మంగళవారం ఉదయం, కిటికీ పక్కన కుర్చీలో కూర్చునే పోయింది. పడుకుంటే ఊపిరి ఆడేది కాదని చివరి నెలంతా ఆ కుర్చీలోనే ఉంది.

తీర్పు ఆ తర్వాత నాలుగు నెలలకి వచ్చింది. వేలిముద్ర కలిసింది. ఆవిడ ఆ ఫ్యాక్టరీ కార్మికురాలే అన్నారు. జబ్బు ఆ పనివల్లే వచ్చిందన్నారు. ఫ్యాక్టరీ కొన్నవాళ్ళు దాని బాధ్యతలూ కొన్నట్టే అన్నారు. మేం గెలిచాం. లాయరమ్మ ఆ ముక్క చదివి వినిపిస్తుంటే సంతోషం రావాలి కదా. కింది పేరా చదివేసరికి నా ఒళ్ళు మండిపోయింది. జీతం కాగితాలు లేవు కాబట్టి అన్నిటికన్నా తక్కువ కూలి లెక్కన కట్టారట. పైగా జబ్బు తేలేనాటికి వయసు మీరింది కాబట్టి, అందులోనూ తగ్గించారట.

"ముప్పై ఏళ్ళు ఒంట్లో దాక్కుని వచ్చే జబ్బు ముసలితనంలో కాక ఎప్పుడొస్తుంది? ఆ ఆలస్యానికి కూడా ఆవిడ దగ్గరే కోత కోస్తారా?" అని అరిచాను. కింద సైకిలు షాపతను పైకి తొంగిచూశాడు.

"వయసుని బట్టి డబ్బు కట్టే పట్టిక చట్టంలో అలా ఉందండీ" అంది లాయరమ్మ. ఆవిడ మొహంలోనూ అదే విసుగు.

ఆ కొంచెం కూడా ఇంకా చేతికి రాలేదు. కంపెనీ పైకోర్టుకి వెళ్ళింది. ఏనుగు బొమ్మ సంగతి అక్కడ కూడా రాశారు. ఇప్పటికి ఆరు వాయిదాలయ్యాయి. నేను ఆరూ వెళ్ళాను.

ఒక్క మంచి జరిగింది. ఆ తీర్పు నకలు పెట్టుకుని, షెడ్డులో మిగిలిన ముగ్గురు ఆడవాళ్ళూ దరఖాస్తు చేశారు. ఫారాలు నేనే నింపాను. వృత్తి దగ్గర, 'ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలో సంచులు దులిపి కుట్టే కార్మికురాలు' అని పూర్తిగా రాశాను. గడిలో పట్టకపోతే అంచుల మీదికి రాశాను. ముగ్గురినీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఇద్దరికి ఊపిరితిత్తుల పొర మందమైంది, జబ్బు ఇంకా లేదు. మూడో ఆవిడకి నీరు తీస్తున్నారు.

పోయిన నెలలో మా ఆయన తనంతట తానే వచ్చి, "ఎక్స్‌రే ఎక్కడ తీస్తారే?" అని అడిగాడు. ఎందుకు మనసు మారిందో చెప్పలేదు, నేను అడగలేదు. ఆ మధ్యాహ్నమే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఫిల్ము వెలుగుకి పెట్టి చాలాసేపు చూసి, "ఇప్పటికైతే ఏమీ లేదు. ఏడాదికోసారి రండి" అంది.

ఎన్నేళ్ళు రావాలని ఆయన అడిగాడు.

డాక్టరమ్మ వచ్చే ఏడాది తేదీ రాసిచ్చింది. ఏటా పరీక్షకి పేరు రాసుకునే ఫారం నింపే చోట గుమాస్తా ఆయన్ని, రాతినార పీల్చింది పని చేస్తూనా, కాదా, ఏ గడిలో టిక్కు పెట్టమంటారని అడిగాడు. చిన్నపిల్లాడిగా సంచుల మీద పడుకోవడానికి ఆ ఫారంలో గడి లేదు.  ఖాళీగా వదిలేయనివ్వనన్నాడు గుమాస్తా. కాగితం వెనక్కి తిప్పి, జరిగింది జరిగినట్టు రాయడం మొదలుపెట్టాను.